దవడల్లేని చేపకు కాపలా ఉన్న మనిషి

మా కాలేజీ మ్యూజియం జవాను పోయాడు. బంట్రోతును ఈ బెంగుళూరులో జవాను అంటారు. పోయిన మంగళవారం పొద్దున గేటు దగ్గర కొత్త మనిషి నిలబడి ఉంటే, పాతాయన ఏడీ అని అడిగాను. మూడు రోజులు జ్వరమట, ఆదివారం మధ్యాహ్నం అయిపోయిందట. ఆ మాట చెప్పి, సైకిలు ఎక్కడ పెట్టుకోవాలో చూపించాడు. ఏడేళ్ళుగా నేను సైకిలు పెట్టుకునే చోటే అది.

జవాన్లు పోతే నోటీసు బోర్డు మీద కాగితం అంటించే ఆనవాయితీ మా కాలేజీలో లేదు. క్లాసులు ఆగలేదు. నేనూ వెళ్ళి రెండో పీరియడులో వానపాము నరాల గురించి పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఈ రాతలో ఆయన్ని ‘ఆయన’ అంటున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు ‘నువ్వు’ అనే అన్నాను. నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్ద. అందరూ అలాగే అనేవారు, నేనూ అన్నాను. మనిషి పోయాక మర్యాద ఇవ్వడం మనకు బాగా అలవాటు.

మ్యూజియంలో జంతువుల్ని నిలవ ఉంచే సీసాల స్పిరిట్ దొంగతనంగా తాగినవాడు అన్న పేరుతో ఆయన పోయాడు. ఆ పేరు అబద్ధం. అది అబద్ధమని తెలిసిన మనిషి కాలేజీలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ ఇన్నాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఒక హెచ్చరిక కూడా చేయాలి. భోజనం దగ్గర పత్రిక చదివే అలవాటున్నవాళ్ళు దీన్ని తర్వాత చదువుకోండి. ఆయన గురించి చెప్పాలంటే జలగలూ, బద్దెపురుగులూ, బంక కార్చే చేపలూ లేకుండా కుదరదు.

యుద్ధం మొదలైన మరుసటేడు నేను ఆ కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మాది చిత్తూరు జిల్లాలో మైసూరు సరిహద్దు పల్లె. పరీక్షల కోసం కప్పల్ని కోశాను గానీ, కోసిన ప్రతిసారీ ఇంటికి పోయి తలంటుకున్న బాపతు నేను. మొదటి రోజు మ్యూజియం తలుపు తోసేసరికి ఒక సన్నటి ముసలాయన, మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టి, కబేళా నుంచి తెచ్చిన గొర్రె పేగులోంచి తెల్లటి నాడాలాంటిదాన్ని మెల్లగా లాగుతూ గాజుపలకకు చుడుతున్నాడు. బద్దెపురుగు. అప్పటికే నాలుగు బారలు వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన తల తిప్పకుండానే, నా యాస ఎక్కడ విన్నాడో ఏమో, తెలుగులో అన్నాడు.

“చూడబుద్ధి కాకుంటే ఇంగ రొంతసేపు చూడల్ల సామీ. అప్పుడు సరిపోతాది.”

రొంతసేపు చూశాను. నిజంగానే సరిపోయింది. ఆ పురుగుకు నోరు లేదు, కడుపు లేదు, తల మాత్రం గుండుసూది మొనంత. ఆ తల తెగితే నమూనా పనికిరాదు. ఆయన వేళ్ళు దాన్ని తెగనివ్వలేదు. నగర్తపేటలో వాళ్ళ ఇంట్లో తరతరాలుగా పట్టునూలు చుట్టే పని చేసేవారు. ఆ చేతివాటమే ఈయన కాలేజీకి తెచ్చుకున్నాడు. పోగు ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా ఎక్కకుండా, జారకుండా చుట్టి, పలకను సీసాలోకి దించి, ముందుకు వెనక్కు వంగి చూసుకున్నాడు. పెళ్ళికూతురి తల దువ్విన అత్త చూసుకున్నట్టు చూసుకున్నాడు.

జలగలు కావలసి వస్తే బెళ్ళందూరు చెరువుకు పోయేవాళ్ళం. నేను తొక్కేవాణ్ణి, ఆయన మట్టికుండ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేవాడు. జవానును సైకిలు మీద ఎక్కించుకుని పోతున్నానని ఎవరూ చూడకుండా తెల్లారకముందే బయల్దేరదామనేవాణ్ణి. ఎందుకో ఆయనకు తెలుసు, ఎప్పుడూ ఏమీ అనలేదు. చెరువులో ఆయన తొడల దాకా దిగి, కదలకుండా నిలబడి, అవి వచ్చి పట్టుకునే దాకా ఆగేవాడు. నేను గట్టు మీద, మేజోళ్ళలోకి పంట్లాం దోపుకుని నిలబడేవాణ్ణి. ఉప్పు చల్లితే జలగ వెంటనే ఊడుతుంది. కానీ ఉప్పు తగిలిన జలగ చచ్చిపోతుంది, పిల్లలు చూడ్డానికి పనికిరాదు. అందుకని ఆయన ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చుని, అవి తాగినంత తాగనిచ్చి, వాటంతట అవి రాలిపడితే కుండలో వేసుకునేవాడు. నాకు ఒళ్ళు జలదరించేది. “కడుపు నిండినాక అదే ఇడిసి పెడతాది సామీ, అందాక మనమే ఓర్చుకోల్ల” అనేవాడు. ఆ గాట్లలోంచి నెత్తురు తొందరగా ఆగేది కాదు. ఏదో ఆకు నమిలి అద్దుకుని, మళ్ళీ కుండ ఒళ్ళో పెట్టుకుని సైకిలెక్కేవాడు.

వానాకాలంలో ఇంకో వేడుక. చేతులు జోడించినట్టు నిలబడే ఆకుపచ్చ గొల్లభామను పట్టుకొచ్చి, దాని తోకకొసను బేసిన్లో నీళ్ళకు ఆనించేవాడు. అన్నిటికీ కాదు, ఏ పదింట్లో ఒకదానికో, ఆ కడుపులోంచి నల్లటి దారం ఒకటి బయటికి వచ్చేది. మెలికలు తిరుగుతూ జానెడు, మూరెడు వచ్చి నీళ్ళలో ఈదేది. అది పురుగులో కాపురమున్న పురుగు. అమ్మాయిలు కెవ్వుమనేవారు, అబ్బాయిలు కెవ్వుమనకుండా ఉండడానికి తంటాలు పడేవారు. ఆయన మాత్రం ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే చూసి, అంత చిన్న కడుపులో అంత పొడుగు దారం చిక్కు పడకుండా ఎట్లా చుట్టిందో, ఆ నేర్పు తమ ఇంట్లో ఎవరికీ రాలేదని ఆశ్చర్యపోయేవాడు.

నా మీద కూడా ఒక పరిహాసం ఆడాడు. కాలేజీ నిమ్మచెట్టు కింద ఉండగా నా చొక్కా చేతి మీద కాకి రెట్ట పడిందని చూపించాడు. తుడుచుకోబోతే ఆ రెట్ట మెడ ఎత్తి, ఎర్రటి కొమ్ములు రెండు బయటికి పెట్టి కంపు కొట్టింది. అది గొంగళిపురుగు. పిట్టలు తినకుండా రెట్టలాగా వేషం వేసుకుని బతుకుతుంది. నేను గెంతిన గెంతును ఆయన రెండు వారాలపాటు తోటమాలికి అభినయించి చూపించాడని తర్వాత తెలిసింది.

పరిహాసం కూడని చోట మాత్రం ఆడేవాడు కాదు. ఒకసారి మలెనాడు కొండల్లో కాఫీ తోట నుంచి ఎవరో దొరగారు డబ్బాలో ఒక జీవిని పంపారు. వానపాముకూ పాముకూ పుట్టినట్టుంటుంది, నిజానికి కప్పల జాతి, కాళ్ళుండవు, మట్టిలో ఉంటుంది. దారిలోనే చచ్చిపోయింది. గుడ్ల చుట్టూ చుట్టుకుని అలాగే బిగుసుకుపోయి ఉంది. దాన్ని సాపు చేసి పొడవు కొలవమని ప్రొఫెసరుగారు చెప్పి పంపారు. స్కేలు తీసుకుని నేను వెళ్ళేసరికి ఆయన దాన్ని ఆ చుట్టతో సహా సీసాలో పెట్టి మూత వేసేశాడు. కొలత ఏదీ అని గదమాయించాను. “చుట్టుకొని ఉండాది సామీ, చుట్టుకొనే ఉండనీ” అన్నాడు. కొలత నేను ఊహించి రాసిచ్చాను. ఆ లేబులు మీద ఇప్పటికీ నా అబద్ధపు అంగుళాలే ఉన్నాయి.

ఇక అసలు సీసా. మ్యూజియం మధ్యలో, విడిగా ఒక బల్ల మీద, సముద్రపు అడుగు బురదలో బతికే చేప ఒకటి ఉండేది. యుద్ధానికి చాలా ముందు ఓడలో తెప్పించారట. చేప అంటే చేప కాదు. కళ్ళు లేవు, పొలుసులు లేవు, దవడలు లేవు. చచ్చిన చేపల పొట్టలోకి దూరి లోపలినుంచి తింటూ వస్తుంది. ఎవరైనా పట్టుకుంటే ఒంట్లోంచి బక్కెట్టు నిండా బంక కారుస్తుంది. మైసూరు రాజ్యం మొత్తం మీద అలాంటిది ఇంకొకటి లేదని ప్రొఫెసరుగారి గర్వం. వచ్చిన పెద్దమనుషులందరికీ మొదట దాన్నే చూపించేవారు. బోసినోటి వల్ల మా ఆయన దానికి ‘అవ్వ’ అని పేరు పెట్టాడు. పొద్దున తలుపు తీసి మొదట ఆ సీసా తుడిచేవాడు. స్పిరిట్ ఒక వేలు తగ్గితే నా దగ్గరికి వచ్చి, అవ్వకు నీళ్ళు తగ్గినాయి సామీ అని చెప్పేవాడు.

ఇన్నేళ్ళు ఆ గదిలో పనిచేసిన మనిషి ఒంటికి ఆ వాసన పట్టకుండా ఉంటుందా. సాయంత్రం ఇంటికి పోయేముందు కొళాయి దగ్గర చింతపండు, బూడిద వేసి మోచేతుల దాకా తోముకునేవాడు. అయినా స్పిరిట్ వాసన పోయేది కాదు. ఆయన పక్కన నిలబడితే ఆసుపత్రి వరండాలో నిలబడ్డట్టుండేది.

సీసాల మూతలకు ఆయన వేసే కట్టు గురించి చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే చెడింది. ఆయన కబేళా నుంచి గొర్రె మూత్రపు తిత్తులు తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, తడిగా ఉండగానే సీసా మూతి మీద లాగి పరిచి, పట్టుదారంతో చుట్లు వేసి కట్టేవాడు. ఆరాక అది తప్పెట తోలులా బిగిసిపోయేది. దాని మీద నల్లరంగు పూసేవాడు. అలా కట్టిన సీసాలో స్పిరిట్ ఏళ్ళ తరబడి ఒక వేలుకు మించి తగ్గేది కాదు. అయితే నానబెట్టిన రోజుల్లో ఆ గదిలో కంపు భరించడం కష్టం. నా బల్ల ఆ గదిలోనే ఉండేది. పైగా మా ఇంట్లో ఉల్లిపాయ కూడా ఆలోచించి తినేవాళ్ళు. యుద్ధం ముదిరేనాటికి నేను ఉద్యోగంలో కాస్త కుదురుకుని, సంస్కరణలు చేయాలన్న ఊపులో ఉన్నాను. పాత కట్లు విప్పేసి, ఇకమీదట లక్క కరిగించి మూతలకు పోయమన్నాను. శుభ్రంగా ఉంటుంది, ఎర్రగా చూడ్డానికి బాగుంటుంది, నగర్తపేటలో కావలసినంత దొరుకుతుంది.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. అది నాకు బాగా గుర్తు. చేతిలో తిత్తి పట్టుకుని నిలబడి, “లక్క స్పిరిట్‌లో కరుగుతాది సామీ. మంచాలకు పాలిష్ కొట్టేవాళ్ళు అట్లనే గదా చేసేది” అన్నాడు.

అది నాకు తెలియని సంగతి. డిగ్రీ ఉన్నవాడికి తెలియని సంగతి పంచె ఎగగట్టుకున్నవాడు చెబితే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. లక్క మూత బయట ఉంటుంది, స్పిరిట్ లోపల ఉంటుంది, రెండూ కలవవు, చెప్పింది చెయ్యి అన్నాను. స్పిరిట్‌కు ఆవిరి అనేది ఒకటుంటుందని, అది మూత సందులోంచి లక్కను నాకుతూ ఉంటుందని ఆ క్షణాన నాకు తట్టలేదు. ఆయన చెప్పింది చేశాడు. ఆయన చేసిన పని ఏదైనా చక్కగానే ఉంటుంది కాబట్టి అది కూడా చక్కగానే చేశాడు.

ఆ ఎండాకాలం బెంగుళూరులో ఎప్పుడూ లేనంత ఎండలు. మేము సెలవులకు ఊళ్ళు పోయాం. గది తాళం ఆయన దగ్గర ఉంది. అప్పటికి స్పిరిట్ దొరకడం గగనమైపోయింది, ఉన్నదంతా మిలిటరీ ఆసుపత్రులకు పోతోంది, మాకు పర్మిట్టు మీద చెంబెడు వస్తే గొప్ప. సీసాల్లో మట్టం తగ్గుతూ ఉంటే ఆయన ఆఫీసు గుమాస్తాకు రెండుసార్లు పోయి చెప్పాడట. జంతుశాస్త్రంవాళ్ళు వచ్చాక చూద్దామన్నారట. జూన్‌లో తలుపు తీసేసరికి సగం సీసాలు సగానికి వచ్చాయి. అవ్వ సీసాలో అడుగున నాలుగు వేళ్ళు మిగిలింది. పైకి ఉన్న భాగం ఎండి, నల్లబడి, అరటితొక్కలా ముడుచుకుపోయింది.

ప్రొఫెసరుగారు దుఃఖం, కోపం పట్టలేకపోయారు. స్పిరిట్ ఏమైందన్నది ప్రశ్న. తాళం ఒకడి దగ్గర ఉంది, ఆ ఒకడి దగ్గర వాసన వస్తుంది. ఆఫీసు గదిలో ముగ్గురు పెద్దలు కూర్చుని ఆయన్ని పిలిపించారు. ప్రొఫెసరుగారు ఆయన్ని చేతులు చాపమని వాసన చూశారు. ఆయన కన్నడంలో, తాను తాగలేదని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి అడిగితే చెప్పలేదు. అప్పుడు నన్ను అడిగారు.

“సీళ్ళు వేసింది ఎవరు?”

“జవానే సార్,” అన్నాను.

నిజమే చెప్పాను. వేయమన్నది ఎవరని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. అంతకు ముందురోజే నేను మూతలన్నీ తడిమి చూశాను. లక్క మెత్తబడి వేలికి అంటుకుంది. కాబట్టి నాకు తెలియక జరిగింది కాదు. ఆ నెలలో నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం రావలసి ఉంది. సంసారం, బాధ్యతలు అని సాకులు చెప్పుకోవచ్చు గానీ, నాకప్పటికి పెళ్ళి కూడా కాలేదు. భయపడ్డాను, అంతే. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. జీవుల వైపు చూసే చూపే అది, కోపం లేదు. మిగతా చోట్ల ఎన్నో పురుగుల్ని చూసి అసహ్యపడ్డాను గానీ, ఆ చూపు కింద నా మీద నాకు కలిగినంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఉద్యోగం తీసెయ్యలేదు, దయతలిచామన్నారు. మ్యూజియం నుంచి తప్పించి గేటు దగ్గర వేశారు. తాళంచెవులు నాకు అప్పగించడానికి వచ్చాడు. నేను తలెత్తలేదు. ఏదో ఒకటి అంటాడని, అంటే బాగుండునని కూర్చున్నాను. గుత్తి బల్ల మీద పెట్టి, పోబోతూ ఆగి అన్నాడు.

“లక్క గీకేసి తిత్తులు కట్టండి సామీ. ఎండకాలం ఇంగా అయిపోలేదు. అవ్వను తడిగుడ్డలో రొంత సేపు పెట్టి, ఆమీద దించండి. ఒక్కసారిగా దించితే చీలిపోతాది.”

జరిగిందేమిటో తనకు తెలుసని, నాకు తెలుసని కూడా తెలుసని ఆ మాటలో ఉంది. ఇంకేమీ లేదు. ఆ వారమంతా గది తలుపు వేసుకుని నేనొక్కణ్ణే లక్క గీకాను. కబేళాకు నేనే పోయాను. తిత్తులు నా చేతులతో నానబెట్టి కట్టాను. మొదటి పది చిరిగిపోయాయి. పదకొండోది బిగిసింది. ఇవాళ మా మ్యూజియం సీసాలు చూసి ఎవరైనా మెచ్చుకుంటే అది నా పనితనం అనుకుంటారు.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఆయన గేటు దగ్గర ఉన్నాడు. పొద్దున సైకిలు ఆపితే లేచి నిలబడేవాడు. నేను మాట్లాడకపోయినా, అప్పుడప్పుడూ నా కిటికీ గట్టు మీద అగ్గిపెట్టె ఉండేది. తెరిస్తే పేడపురుగో, ఉమ్మిలాంటి నురగలో దాక్కునే చిన్న పురుగు ఉన్న రెమ్మో ఉండేది. పిల్లలకు చూపించమని. ఒక రోజు ధైర్యం చేసి, గేటు దగ్గర ఎవరూ లేని వేళ చూసి, ఆనాటి సంగతి అని మొదలుపెట్టాను. ఆయన నా మాట వినకుండా గోడ మీద ఒక సాలీడును చూపించాడు. మగదాన్ని ఆడది తింటోంది. రొంతసేపు చూడమన్నాడు. చూస్తూ ఉండగా గంట కొట్టారు, క్లాసుకు పోయాను. మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆయన వద్దనుకున్నాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయనకు పోయింది మ్యూజియం ఒక్కటే అనుకున్నాను. గేటు దగ్గర నీడ ఉంది, పని తక్కువ, పెద్దవయసు, ఒకరకంగా మంచిదే అని కూడా అనుకున్నాను.

ఆయన పోయాడని తెలిసిన మరునాడు జరిగిందంతా కాగితం మీద రాసి ప్రొఫెసరుగారి చేతికిచ్చాను. వారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, మడిచి సొరుగులో పెట్టారు. ఇప్పుడెందుకయ్యా అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు నగర్తపేటలో, ఆయన ఇంట్లో ఉందనిపించింది.

గురువారం మధ్యాహ్నం వెతుక్కుంటూ వెళ్ళాను. సన్నటి సందు, ఇరువైపులా పట్టునూలు చుట్టే రాట్నాల చప్పుడు. పొడుగాటి ఇల్లు, ముందర చిన్న అరుగు, ఒకటే గది, వెనక పొయ్యి. ఆయన భార్య ఒక్కతే ఉంది. కాలేజీ నుంచి వచ్చానంటే అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి, తాను గడపకు అటువైపు కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మొహం. ఆయన మంచితనం గురించి నేనేదో మొదలుపెడితే నేల చూస్తూ విన్నది. అరుగు గోడకు ఒక గూడు ఉంది. అందులో ఒక ఇత్తడి పళ్ళెం, లోటా, రెండూ బోర్లించి ఉన్నాయి. వీధిలో అవి ఎందుకున్నాయో అర్థం కాక, మాట తోచక, అవి ఎవరివని అడిగాను.

“ఆయనవే అప్పా,” అంది. “రెండేండ్లుగా ఈడనే తింటా ఉండె. మా తమ్ముడు భజన మందిరం మనిషి. తాగినోని తట్ట, లోటా పొయ్యి కాడ పెట్టగూడదు అనె. నేనూ సరే అంటిని. ఆయనే కడుక్కొని, ఆయనే బోర్లించి పెట్టుకొనె.”

ఆమే చెప్పుకుపోయింది. తాను తాగలేదని ఆయన పొయ్యి ముందర నిలబడి ఒట్టు పెట్టుకున్నాడట. పెళ్ళయిన నాటినుంచీ ఆ వాసనతోనే ఇంటికి వచ్చేవాడని, అది పని వాసనేనని తాను నమ్ముతూ వచ్చానని, కాలేజీవాళ్ళే ఆ మాట అన్నాక ఇన్నేళ్ళూ తనను మోసం చేశాడనిపించిందని చెప్పింది.

“గేటు కాడికి మార్చినాక ఆ వాసన పోయె. సీసాలు దొరకలేదు, అందుకే పోయె అనుకొంటిని. ఇంగేం సాక్ష్యం కావాల అప్పా నాకు.”

అప్పుడు చెప్పాను. తిత్తి కట్టు, లక్క, ఆయన వద్దన్న మాట, నేను చెయ్యమన్న మాట, ఆవిరి, ఆఫీసు గది, నేను చెప్పిన సగం నిజం. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి మంచాల పాలిష్ సంగతి కూడా చెప్పాను. తాగలేదు తల్లీ, ఒక్క చుక్క తాగలేదు అన్నాను. రాట్నాలు తిరుగుతూనే ఉన్నాయి.

“మీకు అప్పుడే తెలుసునా అప్పా,” అని అడిగింది.

తెలుసన్నాను.

“మీకు తెలుసని ఆయనకు తెలుసునా.”

తెలుసన్నాను.

ఆమె లేచింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. నా పక్కనుంచి వచ్చి గూట్లోంచి పళ్ళెం, లోటా తీసుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి. అయినా వీధి కొళాయి దగ్గర కూర్చుని తోమింది, కడిగి మళ్ళీ తోమింది, కొంగుతో తుడిచింది. గడప దాటి లోపలికి తీసుకుపోయింది. తెరిచిన తలుపులోంచి పొయ్యి దాకా కనబడుతోంది. గోడకు ఆనించిన పీట తెచ్చి పొయ్యి పక్కన వాల్చింది. పీట ముందర పళ్ళెం పెట్టి, లోటాలో నీళ్ళు పోసి పక్కన పెట్టింది. కుండలోంచి అన్నం తీసి వడ్డించింది. పప్పు వేసింది. ఇంకొంచెం వేసింది. ఆ తర్వాత పళ్ళేనికి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.

నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఆయన రెండేళ్ళు కూర్చుని తిన్న ఆ అరుగు మీద నేను కూర్చునే ఉన్నాను.